రౌటర్ కొనేముందు ల్యాప్‌టాప్‌ చూడండి

సంపాదకులకు నమస్కారం.

అమీర్‌పేట హాస్టళ్లలో, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు నెట్ ఆగి ఆగి వస్తోందని వేలు పోసి వైఫై 6 రౌటర్ కొంటున్నారు. బిగించాక చూస్తే స్పీడు ఎప్పటిలాగే ఉంటోంది. లోపం చాలాసార్లు రౌటర్‌ది కాదు, ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుది. ఈ మాట దుకాణంలో చెప్పేవాళ్లు తక్కువ.

కార్డు ఏదో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో డ్రైవర్స్' అని ఇంగ్లిషులో (netsh wlan show drivers) కొట్టండి. 'రేడియో టైప్స్ సపోర్టెడ్' (Radio types supported) వరుసలో వైఫై రకాలను చెప్పే 802.11 గుర్తుల్లో బి, జి, ఎన్ మాత్రమే ఉండి, ఏ గానీ ఏసీ గానీ లేకపోతే అది వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో (రేడియో తరంగాల శ్రేణుల్లో) 2.4 ఒక్కటే అందుకునే కార్డు.

ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు (రౌటర్లు మాట్లాడుకునే దారులు) మూడే: 1, 6, 11. ఒక భవనంలోని ఇరవై ముప్పై రౌటర్లూ వాటినే పంచుకోవాలి. ఎవరూ ఏమీ చూడకపోయినా ప్రతి రౌటరూ తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు చాటుతూనే ఉంటుంది, అదీ చాలావాటిలో 1 ఎంబీపీఎస్ (సెకనుకు ఒక మెగాబిట్) నత్తనడకతో. చానల్ సమయం అక్కడే బోలెడు కరిగిపోతుంది. ఒకే యాంటెన్నా ఉన్న ఎన్ కార్డు 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ మీద పేరుకు 72 ఎంబీపీఎస్. రద్దీ లేనిచోట కూడా చేతికొచ్చేది 40, 50. రౌటర్ పెట్టె మీద 1200 అని ఉన్నా ఈ లెక్క మారదు. ఆ అంకె 2.4 మీది 300, 5 మీది 867 కలిపి, గుండ్రంగా వేసింది.

అందుకే ముందు వెయ్యి రూపాయల అటూఇటూగా దొరికే డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 రెండూ అందుకునే) ఏసీ రకం యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనండి. రౌటర్ ఏసీ1200 (పైన చెప్పిన 1200 రకం) చాలు, కానీ వైరు పెట్టే పోర్టులు గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్‌వి) కావాలి. చవక రకాల్లో 100 ఎంబీపీఎస్ పోర్టులుంటాయి. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా 94 దగ్గరే ఆగిపోతారు. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేదని భయపడొద్దు. కిక్కిరిసిన చోట అదే మేలు, పక్కింటి రొద కూడా గోడ దగ్గరే ఆగుతుంది. పనిచేసే గదిలోనే రౌటర్ పెట్టి, చానల్ 36–48 లేదా 149–161 మధ్య ఎంచుకోండి. 52 నుంచి 144 వరకు ఉన్నవి కొన్ని పాత కార్డులకు కనిపించవు.

అడాప్టర్ కొనలేనివాళ్లు రౌటర్ సెట్టింగుల్లో 2.4 చానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేసి, 1, 6, 11లో ఒకటి పెట్టుకోవాలి. ఖాళీగా ఉంది కదా అని 4 మీద పెట్టొద్దు. ఒకే చానల్ మీదున్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా పంపుకుంటాయి. 4 మీద ఉన్నది 1కీ 6కీ మాటగా కాక రొదగా తగులుతుంది. సెక్యూరిటీ (వైఫైకి తాళం వేసే పద్ధతి) డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఉండాలి. పాత పద్ధతి టీకేఐపీ పెడితే వేగం 54కు పడిపోతుంది, కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత కార్డు కలవదు. వైఫై 6 రౌటర్ పేరే కొన్ని పాత ఇంటెల్ కార్డులకు కనిపించదు. డ్రైవర్ అప్‌డేట్ చేయాలి, లేదా 2.4లో ఏఎక్స్ (వైఫై 6) మోడ్ ఆపాలి. రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి.

పాత ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి లాన్ (నెట్ వైరు) పోర్టు ఉంది. పది మీటర్ల క్యాట్ 5ఈ రకం నెట్ వైరు వీటన్నిటికంటే నమ్మకం. వైరులోని ఎనిమిది తీగలూ కొస క్లిప్పులో బిగించి (క్రింప్) చేయించుకోండి. నాలుగే వేస్తే 100 దాటదు.

ఇంటర్నెట్ సంస్థలకు ఒక విన్నపం: అపార్ట్‌మెంట్లలో కనెక్షన్ ఇచ్చే రోజే 2.4 వెడల్పును 20కి మార్చి వెళ్లమని మీ సిబ్బందికి చెప్పండి. 40 మీద వదిలేసిన ఒక్క రౌటర్ రెండు చానళ్ల వాళ్లను ఇబ్బంది పెడుతుంది.

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, హైదరాబాద్