షుగర్‌ను ఇంగ్లీషు మాట అని వెళ్ళగొట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

తెలుగు పత్రికలు 'షుగర్' అని రాయడం మానేసి 'చక్కెర వ్యాధి' అనే రాయాలని, ఇంగ్లీషు మాట మనకెందుకని మొన్న మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. భాష మీద ఆయన అభిమానాన్ని కాదనను. నేను నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో కిరాణా దుకాణం నడుపుతాను. పొద్దస్తమానం చక్కెర తూచి పొట్లం కట్టేవాణ్ణి కాబట్టి నేనూ ఒక మాట చెప్పాలి.

మా దుకాణానికి వచ్చే తెలుగువాళ్ళు చక్కెర అంటారు, మరాఠీవాళ్ళు సాఖర్ అంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు శక్కర్ అంటారు. బస్తా ఒకటే, పేర్లూ ఒకే ఇంటివే. అన్నిటికీ మూలం సంస్కృతంలోని శర్కర. అదే పర్షియాలో శకర్, అరబ్బుల దగ్గర సుక్కర్, ఇటలీలో జుక్కెరో అయి, ఫ్రాన్సు మీదుగా ఇంగ్లీషువాళ్ళ నోట షుగర్ అయింది. బెల్లాన్ని వాళ్ళు జాగరీ అంటారు కదా, అదీ పోర్చుగీసువాళ్ళు మన పడమటి తీరంలో విని పట్టుకుపోయిన ఇదే మాట. షుగర్ ఉన్నవాళ్ళు చాయ్‌లో వేసుకునే శాకరిన్ గోలీ ఉంది చూడండి, ఆ మందు 1879లో అమెరికాలో బయటపడింది. దానికి పేరు లాటిన్ నుంచి పెట్టారు, ఆ లాటిన్ మాట కూడా తిరిగి శర్కర దగ్గరికే వస్తుంది. ఇక ఇందులో పరాయిదని దేన్ని వెళ్ళగొడతాం?

శర్కర అంటే మొదట తీపి కానే కాదు. గులకరాళ్ళు, ఇసుక పలుకులు. నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు. కొత్త బస్తా విప్పితే మా పాత గిరాకీలు ముందు నోట్లో వేసుకోరు, చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి పలుకు ఎంత లావుందో చూస్తారు. మేం కొనేటప్పుడూ అంతే. ఎం-30 అంటే కాస్త లావు పలుకు, ఎస్-30 అంటే సన్నం. మరాఠీలో రోడ్డుకు వేసే కంకరను ఖడీ అంటారు, కలకండను ఖడీసాఖర్ అంటారు.

రోగం సంగతికి వస్తే, ఈ మాట దవాఖాన గడప తొక్కడం ఇవాళ కొత్త కాదు. మూత్రంలో పడే రాతి పలుకులను మన ఆయుర్వేదంలో శర్కర అనే అన్నారు. అది మధుమేహం కాదు, రాళ్ళ జబ్బు. సుశ్రుత సంహితలోనే ఉంది.

అయితే నా అసలు అభ్యంతరం ఇది కాదు. జనం ఈ రెండు మాటలకూ ఎప్పుడో పనులు పంచేశారు. మా దగ్గర చక్కెర వచ్చిందంటే సంచి పట్టుకుని రేషన్ దుకాణానికి పోతారు, షుగర్ వచ్చిందంటే రక్తపరీక్షకు పోతారు. చక్కెర శుభానికి ఉన్న మాట. హోలీకి పిల్లల మెడలో చక్కెర పేర్లు, అంటే చక్కెర బిళ్ళలు దారానికి గుచ్చిన దండలు వేస్తాం. అలాంటి దండలనే మరాఠీవాళ్ళు గాఠీలని, వాళ్ళ ఉగాది అయిన గుఢీ పాడ్వా నాడు ఇంటి ముందు నిలిపే గుఢీ కర్రకు కడతారు. నిశ్చితార్థాన్ని వాళ్ళు సాఖర్‌పుడా అంటారు, అంటే చక్కెర పొట్లం. పెండ్లిమాట ఖాయమైన పొట్లం పేరు తెచ్చి రోగానికి అంటించడం నాకైతే మనసొప్పదు. మధుమేహం అని రాస్తారా, రాయండి.

ఇంకో చిక్కు ఉంది. రోగం పేరు షుగర్ అయినందుకే చాలామంది చక్కెర మానేసి బెల్లం తింటే ఏమీ కాదనుకుంటున్నారు. డాక్టరు టెన్షన్ పెట్టిన మర్నాడే వచ్చి "చక్కెర బంద్, కిలో బెల్లం కట్టు సేఠ్" అంటారు. బెల్లంలోనూ చాలా భాగం చక్కెరలో ఉన్న సుక్రోజే, రక్తంలో గ్లూకోజు అదీ పెంచుతుంది. ఇక రోగానికి పేరే 'చక్కెర వ్యాధి' అని స్థిరపడితే ఈ భ్రమ ఇంకా ముదురుతుంది. దయచేసి ఈ బెల్లం సంగతి మీ ఆరోగ్యం పేజీలో ఒక డాక్టరుతో రాయించండి. నేను చెబితే, నా చక్కెర అమ్ముకోవడానికి చెబుతున్నాననుకుంటున్నారు.

ఇట్లు
ఒక కిరాణా వ్యాపారి
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర