సోలార్ పని మన పిల్లలకు నేర్పండి

ఎడిటర్ గారికి,

హనుమకొండలో ఇప్పుడు చాలా డాబాల మీద సోలార్ ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ వస్తుండడంతో జనం ముందుకొస్తున్నారు, సంతోషమే. కానీ మా ఇంటి సిస్టమ్ ఆగిపోతే హైదరాబాద్ నుంచి మనిషి వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆయన పైకెక్కి చూస్తే, బిగించినవాళ్లు వైరు కొసను సరిగ్గా క్రింప్ చేయక, అంటే గట్టిగా నొక్కి బిగించక, ప్యానెల్ కనెక్టర్ కరిగి నల్లగా మాడిపోయి ఉంది. ప్యానెళ్ల నుంచి వచ్చేది డీసీ కరెంట్. అందులో ఆర్క్, అంటే వదులైన చోట ఎగిసే నిప్పు మెరుపు, పుడితే ఇంట్లో వాడే ఏసీలోలా తొందరగా ఆరదు, మంటలు అంటుకోవచ్చు. ఇంటి వైరింగ్ వచ్చినంత మాత్రాన ఈ పని రాదు, విడిగా నేర్పాలి.

మా పక్కింటి అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తి చేశాడు. మోటార్ వైండింగ్ బ్రహ్మాండంగా చేస్తాడు గానీ ప్యానెల్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోలేదట. నేర్పకపోతే వాడేం చేస్తాడు?

రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చడం మంచి పని. అక్కడ సోలార్ బిగింపు, ఎలక్ట్రిక్ బండ్ల రిపేరు పిల్లల చేత స్వయంగా చేయించాలి, బోర్డు మీద బొమ్మ గీసి వదిలేస్తే లాభం లేదు. రామగుండంలో ఎన్టీపీసీకి 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంట్ ఉంది, మనకు దగ్గరే, కొన్నాళ్లు అక్కడ అప్రెంటిస్‌గా పంపొచ్చు. స్టైపెండ్ మాత్రం నెలనెలా చేతికి అందాలి, లేదంటే పేదింటి పిల్లలు మధ్యలోనే మానేసి డెలివరీ పనికి పోతారు. ఆడపిల్లలకు హాస్టల్ కూడా చూడాలి. వచ్చే అడ్మిషన్ల లోపే వరంగల్ అధికారులు దీని మీద నిర్ణయం తీసుకోవాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ