చాస్‌నాలా గని ప్రమాదం జరిగిన 1975 డిసెంబరు 27కూ ఒక పేజీ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

అత్యవసర పరిస్థితి విధించి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా పత్రికలన్నీ 1975ను నెమరువేసుకున్నాయి. జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నికను రద్దు చేయడం, 25 రాత్రి ప్రకటన వెలువడటం, పత్రికల మీద సెన్సార్ రావడం మళ్లీ వివరంగా చదివాం. కొందరు మార్చిలో కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌ను 2-1తో ఓడించి మనవాళ్లు తెచ్చిన హాకీ ప్రపంచకప్‌నూ, ఏప్రిల్ 19న సోవియట్ గడ్డ మీది నుంచి ఎగిరిన ఆర్యభట్టనూ, మే నెలలో రాష్ట్రంగా చేరిన సిక్కింనూ తలచుకున్నారు. ఆ ఉగాదికి మొదలైనది రాక్షస నామ సంవత్సరమన్న ముచ్చట మాత్రం నా కంట పడలేదు. పంచాంగం పేరు అంతగా అతికిన ఏడాది ఇంకొకటి ఉందో లేదో.

మన ప్రాంతానికి వీటిలో దక్కిన చోటు తక్కువే. జూలైలో గిరాయిపల్లి అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురిలో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి జనార్దన్ ఒకరు. డిసెంబరు 1న ఆదిలాబాద్ జిల్లాకు చెందిన నక్సలైట్ ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. వీటినైనా హక్కుల సంఘాలవాళ్లు గుర్తు చేస్తుంటారు. ఎవరూ ఎత్తనిది డిసెంబరు 27.

ఆ రోజు ఇప్పటి జార్ఖండ్‌లోని ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా బొగ్గు గనిలో, పాడుబడిన పాత పనుల్లో (వదిలేసిన పాత తవ్వకాల్లో) నిలిచిన నీళ్లు ఒక్కసారిగా అడ్డు పగలగొట్టుకుని కింద పనిచేస్తున్నవాళ్ల మీద పడ్డాయి. 370 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారాల తరబడి నీళ్లు తోడితే తప్ప శవాలను బయటికి తీయలేకపోయారు. కోల్ ఇండియా ఏర్పడి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు.

మా నాయన అప్పుడు మందమర్రిలో బాయి (బొగ్గు గని) పని చేసేవాడు, నేను ఆరో తరగతి. రేడియోలో ఆ వార్త విన్నాక మా అమ్మ చాలా రోజులు, ఆయన రాత్రి షిఫ్ట్‌కు పోతే, తెల్లవారి సైరన్ మోగేదాకా పడుకునేది కాదు. నాయన మాత్రం బయటపడకుండా, పని మొదలుపెట్టేముందు క్యాప్ ల్యాంప్ దగ్గరగా పెట్టి బొగ్గు గోడకు అరచెయ్యి ఆనించి చూసేవాడట. గోడ చెమర్చినట్టుంటే అవతల నీళ్లున్నాయని అనుమానం; అలాంటప్పుడు గని లోపల భద్రత చూసే సర్దార్‌ను పిలవకుండా ఎవరూ తట్ట ముట్టేవారు కాదని చెప్పేవాడు.

నీళ్లున్న పాత పనుల దగ్గరికి పోవాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలనీ, ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ పోవాలనీ చాస్‌నాలా కంటే ఎంతో ముందు, 1957 బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉంది. అయినా 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో గనిలో ఇలాగే నీళ్లు పడి 17 మంది పోయారు. కాబట్టి ధన్‌బాద్ సంగతి మనకెందుకని అనుకునే వీలు మన కోల్‌బెల్ట్‌కు లేదు.

1975 అనగానే ఢిల్లీని మాత్రమే రాయడం తప్పని నేననను. జైళ్లకు పోయిన వేలమంది ఊసు రాయాల్సిందే. కాకపోతే ఏడాది జూన్‌తో ముగిసిపోదు. 2025 డిసెంబరు 27కు చాస్‌నాలాకు యాభై ఏళ్లు. ఆ కాలంలో మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని, కొత్తగూడెం బాయిల్లో దిగినవాళ్లు కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. డెబ్బై దాటినవాళ్లే ఎక్కువ. ఆ వార్త చేరినప్పుడు బాయి దగ్గర ఏమనుకున్నారో, మర్నాడు షిఫ్ట్‌కు ఎంతమంది మస్టర్ (హాజరు) పడ్డారో వాళ్లనడిగి, మీ జిల్లా అనుబంధంలో ఒక పేజీ రాయించండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ