రాత్రిపూట పందుల కోసం డ్రోన్ పంపం: మా కస్టమర్లకు ఒక మాట

మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు మా డ్రోన్‌తో పంటలకు మందు కొట్టించుకునే రైతులందరికీ నమస్తే. మక్క కంకులు పాలు పోసుకునే రోజులొస్తే చాలు, ఒకే రకం ఫోన్లు మొదలవుతున్నాయి. "అన్నా, నీ దగ్గర రాత్రిపూట కనిపించే కెమెరా ఉందట గదా. పందులు ఎక్కడున్నయో పైనుంచి చూపిస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటం." మందు కొట్టినందుకు వచ్చేదానికంటే ఎక్కువే ఇస్తామన్నారు. కొందరు అడగకముందే అడ్వాన్సు కూడా వేశారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అందరికీ ఇక్కడే చెబుతున్నాను. ఆ పనికి మా డ్రోన్ రాదు. పందికైనా, దుప్పికైనా, ఎంత ఇచ్చినా రాదు.

"నువ్వు చంపట్లేదు కదా, చూపిస్తున్నావంతే" అని చాలామంది అంటున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అలా అనుకోవడం లేదు. చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం అన్నీ దాని లెక్కలో వేటే. ప్రయత్నం చేసినా వేటే. డ్రోన్ చప్పుడుతో మందను వల వైపు తోలితే, ఆ తోలిన చెయ్యి రిమోట్ పట్టుకున్న మా పైలట్‌ది. గాలిలో తిరిగేవి కూడా ఆ చట్టం కింద వాహనాలే. ఎద్దు, దున్న, ఏనుగు, గాడిదలతో పాటు వాటినీ అదే వరుసలో రాశారు. నేరానికి వాడిన వాహనం గానీ పనిముట్టు గానీ పట్టుబడితే రాష్ట్ర ప్రభుత్వానిది అయిపోతుంది.

నిజానికి ఈ చట్టం వచ్చిన కొత్తలో లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. అప్పుడు కూడా విమానంలోంచి, మోటారు బండి మీంచి వేటాడకూడదని, వాటితో జంతువులను బెదరగొట్టి తోలకూడదని 17వ సెక్షన్‌లో స్పష్టంగా ఉండేది. 1991లో చట్టాన్ని సవరించి లైసెన్సు వేటనే ఎత్తేశారు, ఆ సెక్షన్ కూడా పోయింది. సెక్షన్ పోయింది కాబట్టి ఇప్పుడు అడ్డు లేదని ఒక కస్టమర్ వాట్సాప్‌లో వాదించారు. అసలు వేటే నేరమైనప్పుడు దేని మీద ఎక్కి వేటాడకూడదో విడిగా రాయాల్సిన పనేముంది?

అమెరికాలోని టెక్సాస్‌లో హెలికాప్టర్‌లోంచి పందులను కాల్చే వీడియోలు కూడా చాలామంది పంపించారు. వీడియోలు నిజమే. కానీ ఆ దేశంలోనూ విమానంలోంచి జంతువులను కాల్చకూడదని, వెంటబడి వేధించకూడదని 1971లోనే కేంద్ర చట్టం వచ్చింది. పంటలను, పశువులను కాపాడుకోవడానికి రాష్ట్రాలు అనుమతి ఇచ్చుకునే వెసులుబాటు అందులో ఉంది. ఆ వెసులుబాటుతోనే టెక్సాస్ 2011లో హెలికాప్టర్లకు దారి తెరిచింది. అక్కడి పందులు యూరప్ నుంచి తెచ్చినవి, అక్కడి అడవిలో పుట్టిన జాతి కాదు. మన అడవి పంది మన అడవిదే, మన చట్టం కాపాడే జంతువుల జాబితాల్లో రెండోదైన రెండో షెడ్యూల్‌లో ఉంది. ఆ దేశంలోనే వేటకు పేరుపడ్డ అలాస్కాలో అయితే విమానంలో తిరిగిన మనిషి మర్నాడు తెల్లవారుజామున మూడు గంటలు దాటేదాకా చాలా జంతువుల మీద తుపాకీ ఎత్తకూడదు. 2014లో జంతువులను డ్రోన్‌తో వెతకడాన్నీ వాళ్లు ఆపేశారు. పైనుంచి చూసి కొడితే జంతువుకు తప్పించుకునే దారే ఉండదని అక్కడి వేటగాళ్లే ఒప్పుకున్నారు. నాకు అన్నిటికంటే ఆ మాటే నచ్చింది.

మీరడిగే ఆ రాత్రి కెమెరా, అంటే వేడిని బట్టి చూపించే మా థర్మల్ కెమెరా, సోలార్ ప్లాంట్లలో వేడెక్కిన ప్యానెళ్లను పట్టుకోవడానికి కొన్నది. ఒక చలికాలం తెల్లవారుజామున మా మక్క చేను మీదే పరీక్షించి చూశాం. తెర మీద చేనంతా నల్లగా, సాళ్ల మధ్య తెల్లటి మచ్చలు. పెద్ద మచ్చ చుట్టూ చిన్నవి, తల్లీ పిల్లలూ. డ్రోన్ కాస్త దిగగానే అన్నీ ఒక్కసారిగా లేచి రోడ్డు వైపు పరుగెత్తాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే పడుకున్నది పందో ఎలుగుబంటి పిల్లో నాకు తేడా తెలియలేదు. పందయితే మూడేళ్ల వరకు జైలు, 2022 సవరణ తర్వాత లక్ష వరకు జరిమానా. ఎలుగుబంటి, చిరుత, పులి మొదటి షెడ్యూల్‌వి. వాటి జోలికి వెళితే జైలు మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోతుంది. కవ్వాల్ పులుల అడవి పక్కన ఉండి ఈ రిస్క్ నా పైలట్ల మీద పెట్టలేను.

ఇంత చెప్పినా, మీ నష్టం నాకు తెలియక కాదు. ఒక్క రాత్రిలో ఎకరం మక్క నేలమట్టం కావడం మా ఇంట్లోనూ చూశాం. మంచె మీద కాపలా ఉండి, జ్వరాలు తెచ్చుకుని, చివరికి విసిగిపోయి కరెంటు తీగ పెట్టేవాళ్లున్నారు. దయచేసి అది మాత్రం చేయకండి, ఆ తీగకు మనుషులే పోతున్నారు. పంటకు ప్రమాదమైన రెండో షెడ్యూల్ జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ దారి 11వ సెక్షన్‌లో ఉంది. ఊరంతా కలిసి అర్జీ పెడితే మేమూ సంతకం పెడతాం.

మా వంతుగా చేయగలిగింది ఒకటుంది. పందులు తొక్కిన చేనుకు పగటిపూట పైనుంచి ఫోటోలు తీసి ఇస్తాం. మా దగ్గర మందు కొట్టించుకునే వాళ్లకు దీనికి డబ్బులు తీసుకోం. నష్టపరిహారం దరఖాస్తుకు వాటిని జత చేసుకోవచ్చు. అధికారులు వచ్చి చూసి రాసిందే లెక్క అనుకోండి, కానీ వాళ్లు వచ్చేలోగా చేను దున్నాల్సి వస్తే ఆ ఫోటో మీ చేతిలో ఉంటుంది. చేను తొక్కిన మర్నాడే ఫోన్ చేయండి, ఆలస్యమైతే ఆనవాళ్లు చెరిగిపోతాయి.

రాత్రి పని వద్దంటే మాకు నష్టమే. కెమెరా కిస్తీలు ఇంకా నడుస్తున్నాయి, సోలార్ పని ఏడాది పొడవునా దొరకదు. అయినా స్ప్రేయింగ్ రేటు ఈ సీజన్‌కు పెంచడం లేదు. పత్తికి, వరికి బుకింగ్‌లు ఎప్పటిలాగే ఉంటాయి. పందుల కోసం అడ్వాన్సు వేసినవాళ్లు దుకాణానికి రానక్కర్లేదు, ఏ నంబర్ నుంచి వేశారో దానికే ఈ వారంలో తిరిగి వేసేస్తాం.