టాలిన్ కంచు సైనికుడు

సంపాదక మహాశయులకు,

సోవియట్ కాలపు విగ్రహాలను తొలగించడమంటే చరిత్రను చెరిపివేయడమేనని మీ పత్రికలో వెలువడిన అభిప్రాయం నాకు తొందరపాటుగా తోచింది. ఎస్తోనియా రాజధాని టాలిన్ నడిబొడ్డున, సోవియట్ ఎర్రసైన్యం ఆ నగరంలో ప్రవేశించిన మూడేళ్ళకు, 1947 సెప్టెంబరు 22న ఆవిష్కరించిన కంచు సైనికుడి విగ్రహాన్ని అక్కడి రష్యన్ భాషీయులు నాజీలపై విజయానికి గుర్తుగా చూస్తే, ఎస్తోనియన్లలో చాలామంది దశాబ్దాల సోవియట్ ఆక్రమణకు గుర్తుగా చూశారు. 2007 ఏప్రిల్‌లో ప్రభుత్వం దానిని తరలించబూనగా రెండు రాత్రులపాటు అల్లర్లు చెలరేగి ఒకరు మరణించారు. ఆ వెంటనే ప్రభుత్వ, పత్రికల, బ్యాంకుల వెబ్‌సైట్లపై వారాల తరబడి సైబర్ దాడులు సాగాయి.

ఇంత జరిగినా ఆ విగ్రహాన్ని ఎవరూ పగలగొట్టలేదన్న సంగతిని మన వ్యాఖ్యాతలు ఎందుకో ప్రస్తావించరు. దానిని కొద్ది రోజుల్లోనే నగరంలోని సైనిక శ్మశానవాటికలో నిలిపారు. పాత స్థలంలో బయల్పడిన పన్నెండుమంది సోవియట్ సైనికుల అవశేషాలలో బంధువులు కోరినవి వారికి అప్పగించి, మిగిలినవాటిని ఆ వాటికలోనే మళ్ళీ ఖననం చేశారు. ఏటా నాజీలపై విజయదినమైన మే 9న అక్కడ పూలు పెట్టేవారు నేటికీ ఉన్నారు. కాబట్టి నా అభ్యంతరం తరలింపుపై కాదు, ఇరుపక్షాలకూ సమ్మతి కుదరకముందే తెల్లవారుజామున పోలీసులను మోహరించి పని మొదలుపెట్టిన తీరుపైనే.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ