మామిడి బెరడు మీది పెచ్చులు తెగులు కాదు

సంపాదకులకు,

వానలు మొదలవగానే పాత మామిడి తోటల్లో ఒక అనవసరపు పని జరుగుతోంది. మొద్దుల మీద బూడిద రంగు పెచ్చులు కనబడితే చాలు, కత్తితో బెరడు చెక్కించి మందు కొట్టిస్తున్నారు. అవి లైకెన్లు, అంటే శిలీంధ్రమూ నాచూ కలిసి బతికే జీవులు. బిర్యానీలో వేసే రాతిపువ్వూ ఈ కోవదే. శిలీంధ్రం గూడు కడుతుంది, అందులో ఉండే నాచు ఎండతో ఆహారం వండుతుంది. చెట్టు ఇచ్చేది చోటు మాత్రమే. బదనికలా ఇవి చెక్కలోకి వేళ్లు దించవు. నీళ్లు వాన నుంచి, మంచు నుంచి తీసుకుంటాయి.

అనుమానముంటే పెచ్చు మీద దోసెడు నీళ్లు చల్లి చూడండి. కాసేపట్లో బూడిద రంగు పోయి పచ్చబడుతుంది. గోటితో గీకితే పైపొరతో పాటు ఊడుతుంది, లోపలి బెరడు తాజాగా ఉంటుంది. బెరడు పగిలి బంక కారుతున్నా, రంధ్రంలోంచి రంపపు పొట్టు రాలుతున్నా అది వేరే జబ్బు, దానికి వైద్యం తప్పదు.

లైకెన్లు నిండిన చెట్టు నీరసంగా ఉంటుంది కదా అంటారు. నిజమే, కానీ నీరసమే ముందు వచ్చింది. ఆకు పలచబడి మొద్దుకు వెలుతురు తగిలింది, ఎదుగుదల తగ్గి పాత బెరడు రాలడం మానింది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరిగే లైకెన్లకు అంతకంటే ఏం కావాలి? చెక్కిన చోట లేత బెరడు ఎండకు మాడుతుంది, పురుగుకు దారి దొరుకుతుంది. చెట్టు కోలుకోదు, పెచ్చులు మళ్లీ వస్తాయి.

ఆ కూలి డబ్బు కొమ్మల మీద పెట్టండి. కోత అయ్యాక ఎండుకొమ్మను, ఎండిన భాగానికి మూడు అంగుళాల కింద, పచ్చి చెక్కలోకి కోయాలి. కోసిన చోట బోర్డో పేస్ట్ పూయాలి: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, రాగి ఉండే మందు) ఐదు లీటర్ల నీటిలో, కిలో సున్నం మరో ఐదు లీటర్లలో, విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తర్వాత రెండూ ఒకటి చేయాలి. ఇనప పాత్ర వాడొద్దు. చాకు ముంచితే ఎర్రటి పూత పడిందంటే సున్నం చాలలేదన్నమాట. ఏ రోజుది ఆ రోజే వాడాలి. మిగిలింది చెట్టు మొదలు దగ్గర మాత్రం పారబోయకండి. భాస్వరం అందించే శిలీంధ్రాలు వేళ్లలో ఉంటాయి, మట్టిలో రాగి పేరుకుంటే వాటికి చేటు.

మీ వ్యవసాయ పేజీలో బంక కారే మొద్దు ఫొటో వేసినప్పుడు, పక్కనే లైకెన్ల ఫొటో కూడా వేయండి. రెండూ ఒకచోట చూస్తే రైతు కత్తి తీయడు.

— ఉద్యాన విస్తరణ కార్యకర్తలు