ప్రజాభిప్రాయ సేకరణకు కాగితంతో వెళ్దాం

సంపాదకులకు,

జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో అప్పుడప్పుడు కాలుష్య నియంత్రణ మండలి ప్రకటన ఒకటి పడుతుంది. ఫలానా మండలంలో సున్నపురాయి గనో, థర్మల్ కేంద్రమో, ఇథనాల్ ఫ్యాక్టరీయో రాబోతోంది, ఫలానా తేదీన పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది అని. పార్టీ జెండా పట్టకుండా, లాయరును పెట్టుకోకుండా సామాన్యుడు సర్కారు నిర్ణయంలో నేరుగా మాట చెప్పగలిగిన చోట్లు మనకు కొన్నే ఉన్నాయి. అందులో ఇదొకటి. జనం రావడం లేదని మేం అనడం లేదు. ఎండలో షామియానా కింద గంటలకొద్దీ కూర్చుంటున్నారు, నినాదాలిస్తున్నారు. చేతికి ఒక్క కాగితం కూడా ఇవ్వకుండా ఇంటికి పోతున్నారు. అనుమతి ఇచ్చేది ఆ షామియానా కింద ఉన్న అధికారి కాదు. ఢిల్లీలోనో, రాష్ట్ర రాజధానిలోనో కూర్చునే నిపుణుల కమిటీ ఫైలు చూసి సిఫార్సు చేస్తుంది. ఫైల్లో లేని మాట వాళ్ల దాకా వెళ్లదు.

పర్యావరణ అనుమతులపై 2006 సెప్టెంబరు 14న వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. పత్రికలు అందని ఊళ్లలో టముకు వేయించాలి. ఈ గడువును 20 రోజులకు తగ్గిస్తూ 2020లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. కరోనా కాలంలో సైతం దేశమంతటి నుంచీ లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి. ఆ ముసాయిదా తుది రూపం దాల్చలేదు. రాసి పంపిన అభ్యంతరం వృథా పోదనడానికి మాకు అదే పెద్ద నిదర్శనం. ఇలాంటి ప్రకటన వచ్చినప్పుడు దాన్ని ప్రకటనగా వేసి ఊరుకోకుండా, ఏ ఊళ్లు, ఎన్ని ఎకరాలు, ఎంత నీరు అన్నది వార్తగా కూడా ఇవ్వమని మీ పత్రికను కోరుతున్నాం.

ప్రకటన పడిన వారంలోగా నివేదిక చేతికి రావాలి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయంలో అందరికీ అందుబాటులో ఉండాలి. లేదంటే అదే రోజు తేదీ వేసి కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత పర్యావరణ వివాదాలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తే ఆ రసీదు పనికొస్తుంది. తెలుగులో ఇచ్చే సారాంశం పదిపేజీలు ఉంటుంది. చాలామంది దాన్నే చదువుతారు. అసలు సంగతులు వందల పేజీల ఇంగ్లిష్ నివేదికలో ఉంటాయి. దాన్ని ఒక్కరే చదవలేరు, చదవనక్కర్లేదు కూడా. డిగ్రీ పిల్లలు, రిటైరైన టీచర్లు, రెవెన్యూలో పనిచేసి దిగినవాళ్లు తలా ఒక అధ్యాయం పంచుకుంటే నాలుగు సాయంత్రాల్లో అయిపోతుంది.

రెండో అధ్యాయంలో నీరు ఎక్కడినుంచి, రోజుకు ఎంత తీసుకుంటారో ఉంటుంది. అయిదోది ప్రత్యామ్నాయ స్థలాల మీద. అక్కడ ఒకటి రెండు పేరాలతో సరిపెట్టి ఉంటే అదే ఒక అభ్యంతరం. ఎక్కువ సమయం మాత్రం మూడో అధ్యాయం మీద పెట్టాలి. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్లలో ప్రస్తుతం ఉన్న గాలి, నీరు, నేల, పంటలు, చెట్టూచేమా, పక్షులు, ఊళ్ల స్థితి అందులో రాస్తారు. ఊరివాళ్లకు ఆ నివేదిక రాసే కన్సల్టెంట్ కంటే బాగా తెలిసిన అధ్యాయం ఇది. ఇంకో జిల్లా నివేదిక నుంచి ఎత్తిరాసిన పేరాలు, ఇక్కడ ఎన్నడూ లేని వాగు పేర్లు, ఏటా నిండే చెరువు గల్లంతైన పటాలు బయటపడేదీ ఇక్కడే. తెలిసి దాచినా, తప్పుడు సమాచారం ఇచ్చినా దరఖాస్తును తిరస్కరించవచ్చని, ఇచ్చిన అనుమతినీ రద్దు చేయవచ్చని నోటిఫికేషన్ ఎనిమిదో పేరా చెబుతోంది.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దీనికి సాక్ష్యం. నీళ్లు నిలిచే బీల భూముల్లో థర్మల్ కేంద్రానికి అనుమతి ఇచ్చేశారు. ఆ బీల మీద బతికే రైతులు, మత్స్యకారులు రోడ్డెక్కారు. 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. వీధిలో పోరాటం జరుగుతూనే ఉంది, దాని పక్కనే అప్పీలు కూడా నడిచింది. రెండూ కలిస్తేనే ఆ బీల నిలిచింది.

అభ్యంతరం ఎలా రాయాలి? ‘ఈ ఫ్యాక్టరీ మాకొద్దు’ అని వెయ్యి సంతకాలతో ఇచ్చే అర్జీకి ఒక్క వాక్యంలో జవాబు చెప్పేస్తారు. ఇలా రాస్తే అంత తేలిగ్గా తప్పించుకోలేరు: ‘మూడో అధ్యాయం, ఫలానా పేజీలో స్థలానికి దక్షిణాన 2 కిలోమీటర్ల లోపు నీటి వనరులు లేవని ఉంది. ఫలానా సర్వే నంబరులో చెరువు ఉంది. దాని ఆయకట్టు ఇంత. అడంగల్ నకలు, ఫొటో జతచేశాం. ఆయకట్టు మీద ప్రభావాన్ని ఎందుకు లెక్కించలేదో చెప్పాలి.’ ఒక కాగితానికి ఒకటే అంశం, చివర ఒక ప్రశ్న. నీటి సంగతైతే ఊళ్లో పది బావులు ఎంచుకుని తాడు, టేపుతో నీటి మట్టం కొలవండి. బావి ఉన్న సర్వే నంబరు, కొలిచిన తేదీ, లోతు మీటర్లలో రాసుకోండి. నివేదికలో ఇచ్చిన లోతుకూ దీనికీ పొంతన కుదరకపోతే ఆ పట్టిక చాలు. గ్రామసభ తీర్మానం ఉంటే తేదీ, హాజరు సంతకాలతో సహా నకలు జతచేయాలి.

ప్రతి కాగితం మూడు ప్రతులు తీయండి. ఒకటి మండలి ప్రాంతీయ కార్యాలయానికి సభకు ముందే ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. మూడోది అనుమతి ఇచ్చే సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఇక సభ. ఇక్కడ ఓటింగ్ ఉండదు, చేతులెత్తిన లెక్కకు విలువ లేదు. కోరం కూడా అక్కర్లేదు. అందుకే బహిష్కరణ అనుకున్నంత పనిచేయదు. ఖాళీ కుర్చీల ముందు పది నిమిషాల్లో ముగించి ‘సేకరణ పూర్తి’ అని రాసుకుంటారు. బహిష్కరించాలన్నది ఊరి నిర్ణయమైతే దాన్ని గౌరవిస్తాం, అయితే రాతపూర్వక అభ్యంతరాలు ముందే ఇచ్చి ఉండాలి. షామియానా కూల్చడం మరీ నష్టం. స్థానికులు స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి లేదని అధికారులు నివేదిస్తే, అసలు సభే అక్కర్లేదని తేల్చే వెసులుబాటు అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఆపైన కేసుల్లో ఇరుక్కుని ఏళ్లతరబడి కోర్టుల చుట్టూ తిరిగేది కూలీలు, కుర్రాళ్లే.

మైకు దొరికినప్పుడు పేరు, ఊరు చెప్పి, ఒక్క అంశం రెండు నిమిషాల్లో చెప్పి, ‘ఇది సభా వివరాల్లో (మినిట్స్‌లో) రాయండి’ అని అడగాలి. సభ మొత్తాన్నీ వీడియో తీయడం నిబంధన. మనవైపు నుంచి కూడా ఒకరు తీయడం మంచిది. ఆడవాళ్లకు ముందు మాట్లాడే వీలు కల్పించండి. మంచినీళ్ల బాధ వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఇంకెవరూ చెప్పలేరు.

ఎక్కువ సభల్లో దెబ్బ తగిలేది మధ్యాహ్నం దాటాక. చివర్లో సభా వివరాలను తెలుగులో చదివి వినిపించాలి, కలెక్టర్ లేదా ఆయన తరఫున వచ్చిన అధికారి అదే రోజు సంతకం చేయాలి. ఆ వేళకు జనం భోజనాలకు వెళ్లిపోతారు. చదివేది వినడానికి పదిమంది కూడా మిగలరు. ఇరవైమంది కాగితం, పెన్నుతో చివరిదాకా కూర్చోవాలి. మన అంశం వదిలేశారనిపిస్తే అక్కడికక్కడే లేచి చేర్పించాలి. తర్వాత ఆ వివరాలను పంచాయతీ కార్యాలయంలో, జిల్లా పరిషత్‌లో, కలెక్టరేట్‌లో ప్రదర్శించాలి. మన వీడియోతో పోల్చి, తేడాలను అనుమతి ఇచ్చే సంస్థకు మళ్లీ రాయాలి.

ప్రభావం తక్కువని లెక్కగట్టి బీ2 వర్గంలో పెట్టిన ప్రాజెక్టులకు సభ ఉండదు. అలాంటివాటికి రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ అంచనా అథారిటీకి నేరుగా రాయడమే దారి.

అనుమతి వచ్చేసిందని కాళ్లు చల్లబడనక్కర్లేదు. అది ప్రకటించిన నాటి నుంచి 30 రోజుల్లో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచ్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. 90 దాటితే తలుపు మూసేస్తారు. పరిహారం కోరని అప్పీలుకు రుసుము రూ.1,000. ముద్ర పడిన మన కాగితాలు, వీడియో అక్కడ సాక్ష్యాలవుతాయి. ప్రాజెక్టు మొదలయ్యాక కూడా అనుమతిలోని షరతులు ఎంతవరకు పాటించారో కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. దుమ్ము, బోరునీరు, బ్లాస్టింగ్ మీద ఫిర్యాదు చేసేవాళ్లు ముందుగా ఆ నివేదిక నకలు తెప్పించుకుని, ఏ షరతు ఉల్లంఘించారో దాని నంబరుతో సహా రాయాలి.

ఇట్లు,
ప్రజాభిప్రాయ సేకరణలకు హాజరయ్యే కొందరు పౌరులు,
శ్రీకాకుళం జిల్లా